పూజ గదిలో ఉన్న హాయి గడప దాటగానే ఎందుకు పోతుంది?

గరికపోచ:

అందరికీ నమస్కారం. రోజూ పొద్దున దీపారాధన, పంచోపచార పూజ, 'శ్రీరామ జయరామ జయజయరామ' మూడు మాలలు, శనివారాల్లో అదనంగా విష్ణు సహస్రనామం. ఇదీ ఇప్పటి సాధన. మామూలు రోజుల్లో ముప్పావు గంట పడుతుంది. చేస్తున్నంతసేపూ మనసు నిమ్మళంగానే ఉంటుంది. గడప దాటి ఫోన్ చేతిలోకి తీసుకున్న పది నిమిషాలకే పాత చిరాకులన్నీ వరసగా వచ్చి కూర్చుంటాయి. భక్తితో శాశ్వతానందం అని ప్రతి ప్రవచనంలోనూ వింటున్నాం కదా, ఈ ముప్పావు గంట హాయి నుంచి అక్కడికి దారి ఎటు?

జపసంఖ్య పెంచాలా? మంత్రం మార్చాలా? రెండో మాల సగానికి వచ్చేసరికి కునుకు పడుతోంది, దానికేం చేయాలి? 'అంతా ఆయనే చూసుకుంటాడు' అన్న జవాబు కాకుండా, రేపు పొద్దున్నుంచి చేయగలిగేది ఏదైనా చెప్పండి.

మేరుపూస:

గరికపోచ గారూ, సంఖ్య పెంచడం, మంత్రం మార్చడం రెండూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. హాయి కలిగిందా లేదా అన్నదానితో మీరు పూజను కొలుస్తున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

తైత్తిరీయోపనిషత్తు మనలోని అయిదు పొరల్లో అన్నిటికన్నా లోపలిదైన ఆనందమయ కోశాన్ని పక్షితో పోల్చి చెబుతుంది. ప్రియం తల, మోదం కుడి రెక్క, ప్రమోదం ఎడమ రెక్క. కోరింది కంటపడితే ప్రియం, చేతికందితే మోదం, అనుభవంలోకి వస్తే ప్రమోదం అని పెద్దలు వివరిస్తారు. మూడూ వచ్చిపోయేవే. పూజలో మీకు కలిగే చల్లదనం కూడా ఈ జాతిదే. ధూపం వాసన, కదలని దీపం, ఎవరూ పలకరించకపోవడం, ఫోన్ పక్క గదిలో ఉండడం, ఇవన్నీ కుదిరాయి కాబట్టి కోరికల రొద కాసేపు ఆగింది. ఆగినంతసేపు బాగుంది. ఆ ఏర్పాటు చెదిరితే ఈ హాయీ చెదురుతుంది. పూజలో లోపం ఏమీ లేదు, ఆ హాయే ఫలం అనుకోవడంలో ఉంది పొరపాటు.

మనసును నిలిపే ప్రయత్నంలో వచ్చే విఘ్నాలు నాలుగని వేదాంతులు లెక్క చెబుతారు: లయం, విక్షేపం, కషాయం, రసాస్వాదం. మాండూక్య కారికల మూడో ప్రకరణంలో గౌడపాదులు చెప్పిన విషయమే ఇది. నాలుగింటికీ ఒకే మందు వాడితే పనిచేయదు.

లయం అంటే మీ కునుకు. రాత్రి నిద్ర చాలకపోవడం, నడుం గోడకు ఆనించి కూర్చోవడం, కళ్ళు పూర్తిగా మూయడం దీనికి మామూలు కారణాలు. రెండో మాల మొదలుపెట్టగానే కళ్ళు సగం తెరిచి విగ్రహం పాదాల మీద చూపు నిలపండి. అప్పటికీ తూగితే ఆ మాల పైకి వినబడేలా చేయండి, లేదంటే నిలబడి చేయండి. నిద్రను బలవంతంగా అణచిపెట్టుకుంటూ మూడో మాల ముగిస్తే వేళ్ళు తిరుగుతాయి గానీ జపం జరగదు.

విక్షేపం అందరికీ తెలిసిందే, మనసు బజారున పడడం. తిరిగి తెచ్చుకోవడమే దానికి చికిత్స. మనసు పారిపోయిందని తిట్టుకుంటూ కూర్చుంటే అదింకో విక్షేపం.

కషాయం కాస్త మోసకారి. నిద్రా ఉండదు, ఆలోచనలూ పెద్దగా ఉండవు, మనసు మాత్రం కొయ్యబారి ఉంటుంది. సాధారణంగా లోపల ఏదో పట్టింపు దాక్కుని ఉంటుంది. నాలుగు రోజుల కిందటి మాట కావచ్చు, తోబుట్టువుతో ఆస్తి లెక్క కావచ్చు. దీనికి గౌడపాదులు ఇచ్చిన సలహా ఒక్క మాటే, 'విజానీయాత్', అంటే గుర్తుపట్టమని. జపం ఒక నిమిషం ఆపి అదేమిటో మీకు మీరే పేరు పెట్టి చెప్పుకోండి, దేవుడికీ అదే మాట చెప్పి మళ్ళీ పూస తిప్పండి. పేరు పెట్టనంతవరకు అది కదలదు.

నాలుగోది రసాస్వాదం. హాయి దొరికిన చోటే చతికిలబడి దాన్ని చప్పరిస్తూ ఉండిపోవడం. మీది ప్రధానంగా ఇదేననిపిస్తోంది. ఒక చిన్న పరీక్ష ఉంది. పూజ మధ్యలో వీధి తలుపు కొట్టినా, పిల్లలు పిలిచినా కోపం వస్తోందా? వస్తే మీరు దేవుణ్ణి కాదు, ఆ నిశ్శబ్దాన్ని పూజిస్తున్నట్టు.

ఇక చేయాల్సింది. మీ సంకల్పం ఒకసారి మీరే విని చూడండి. 'మమోపాత్త సమస్త దురితక్షయద్వారా శ్రీ పరమేశ్వర ప్రీత్యర్థం' దాకా ఒక సంకల్పం. దాని తర్వాత క్షేమ, స్థైర్య, విజయ, అభయ, ఆయురారోగ్య, ఐశ్వర్యాల పట్టిక వస్తే అది రెండో రకం. రెండోది తప్పని అనను. గీత ఏడో అధ్యాయం 16వ శ్లోకంలో కష్టంలో మొరపెట్టుకునే ఆర్తుణ్ణీ, సంపద కోరే అర్థార్థినీ కూడా కృష్ణుడు పుణ్యాత్ముల జాబితాలోనే వేశాడు. కాకపోతే పట్టిక చదివిన రోజు మనసు లోపల ఒక చీటీ రాసుకుంటుంది. పూజ నుంచి లేచిన క్షణం నుంచీ ఆ చీటీలో ఏవి వచ్చాయి, ఏవి రాలేదు అని సరిచూస్తూ ఉంటుంది. మీ పది నిమిషాల తర్వాతి చిరాకులో పెద్ద వాటా దీనిదే. ఒక మండలం, 40 రోజులు, 'ప్రీత్యర్థం' దగ్గరే ఆపి చూడండి. ఇంట్లో నోములూ వ్రతాలూ వస్తే వాటి సంకల్పం వాటిదే. నిత్యపూజకు మాత్రం ఇది.

చివర్లో అక్షతలు, నీళ్ళు పళ్ళెంలో వదులుతూ 'ఏతత్ఫలం సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు' అంటాం. చాలామంది ఆ మాట సగంలో ఉండగానే ఆసనం మీంచి లేచిపోతారు. ఆగండి. చేయి వంచి, ఆఖరి చుక్క వేళ్ళ కొసల నుంచి జారి పళ్ళెంలో పడేదాకా చూడండి. అప్పటిదాకా కలిగిన హాయిని కూడా ఆ నీళ్ళతోపాటే వదిలేయాలి. అది మీరు దాచుకోవాల్సిన సొమ్ము కాదు. తర్వాత మూడు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోన్ ముట్టకుండా, ఏమీ చదవకుండా. ఈ మూడు నిమిషాలు మూడు మాలల కన్నా కష్టం, చూస్తూ ఉండండి.

తులసికోట:

జపం సంగతి నేను చెబుతాను. ముందు గడియారం పెట్టి ఒక మాల తిప్పండి. 'శ్రీరామ జయరామ జయజయరామ' 13 అక్షరాలు. స్పష్టంగా పలికితే ఒక్కో నామానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది, 108కి అయిదు నిమిషాల చిల్లర. మీ మాల మూడు నిమిషాల్లో అయిపోతుంటే అక్షరాలు మింగుతున్నారన్నమాట. 'శ్రీరాం జైరాం జైజైరాం' అని ఏడే మిగులుతాయి. నోరు ఇలా పరుగెడితే మనసుకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, వేరే పని వెతుక్కుంటుంది. విక్షేపానికి సగం కారణం ఈ వేగమే.

జపం మూడు రకాలు. వినబడేది వాచికం, పెదవులు మాత్రం కదిలేది ఉపాంశువు, పెదవి కూడా కదలనిది మానసికం. మనుస్మృతిలో విధియజ్ఞం (శాస్త్రం చెప్పిన క్రతువు) కన్నా వాచిక జపం పదింతలు, ఉపాంశువు వందింతలు, మానసికం వెయ్యింతలు అని ఉంది. ఆ వెయ్యి చూసి మొదటిరోజు నుంచే మానసికంలోకి దూకేవాళ్ళు ఎక్కువ. కునుకు వచ్చేది వాళ్ళకే. మొదటి మాల వాచికం, రెండోది ఉపాంశువు, మూడోదానిలో నిలవగలిగితేనే మానసికం. నిలవకపోతే సిగ్గుపడకుండా ఉపాంశువుకి దిగి రండి.

మాల కుడిచేతిలో, మధ్యవేలి మీద ఉంచి బొటనవేలితో ఒక్కో పూసా మీ వైపు లాక్కోవాలి. చూపుడువేలు తగలకూడదు, ఎడంగా పెట్టండి. మేరువు, అంటే మాల రెండు కొసలూ కలిసే చోటి పూస, దాటకూడదు. 108వ పూస అయ్యాక మాల తిప్పి వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఈ మలుపు దగ్గర చాలామంది గాభరాగా రెండో చేయి సాయం తీసుకుంటారు. అక్కర్లేదు, బొటనవేలితో మాలను ఎత్తి మధ్యవేలిని అవతలి వైపు నుంచి దూర్చితే తిరుగుతుంది. మాల నాభి కిందికి వేలాడకుండా గుండె దగ్గర పట్టుకోవడం ఆచారం. మాలతో సహా చేయి లోపల పెట్టుకునే గోముఖి సంచి ఉంటే నేల తగలదు, ఎవరూ చూడరు, మీరూ ఎన్ని మిగిలాయో చూడలేరు. ఆ మూడోది అసలు ఉపయోగం.

మాల చేతిలో లేనప్పుడు కరమాల. ఉంగరపు వేలి నడిమి కణుపు ఒకటి, అదే వేలి మొదలు రెండు, చిటికెన వేలి మొదలు మూడు, నడుమ నాలుగు, కొస అయిదు, ఉంగరపు వేలి కొస ఆరు, మధ్యవేలి కొస ఏడు, చూపుడు వేలి కొస ఎనిమిది, నడుమ తొమ్మిది, మొదలు పది. మధ్యవేలి మిగతా రెండు కణుపులూ మేరువు, వాటిని ముట్టం. పది పదులు కుడిచేత్తో తిప్పుతూ ఎడమచేత్తో పదుల లెక్క పెట్టుకోవాలి. దేవీ మంత్రాలకు ఈ క్రమం వేరు, అవి ఉపదేశం ఇచ్చినవారే చూపిస్తారు.

మంత్రం మార్చాలా అని అడిగారు. నామజపానికి ఉపదేశం లేకపోయినా దోషం లేదు, అందుకే మీరు చేస్తున్నది నిక్షేపంగా చేసుకోవచ్చు. హ్రీం, శ్రీం లాంటి బీజాక్షరాలున్న మంత్రాలను ఎక్కడో విని, పుస్తకంలో చూసి మొదలుపెట్టొద్దు. రెండు నెలలకొక మంత్రం మార్చేవాళ్ళది ఒకచోట పది మూరలు తవ్వకుండా పదిచోట్ల మూరెడు తవ్వే యవ్వారం.

లెక్కలపుస్తకం:

మేరుపూస గారితో సగం దాకానే ఏకీభవిస్తాను. సంఖ్య ముఖ్యం కాదన్న మాట వినడానికి బాగుంటుంది, ఆచరణలో జపం ఎగ్గొట్టడానికి మొదటి మెట్టు అదే అవుతుంది. 'ఈరోజు మనసు బాలేదు, భావం ముఖ్యం కదా' అంటూ మొదలై నెల తిరిగేసరికి మాల మేకుకు వేలాడుతుంది.

సంప్రదాయంలో పురశ్చరణకు, అంటే మంత్రసిద్ధి కోసం లెక్క పెట్టుకుని చేసే జపానికి, అక్షరలక్ష అంటారు, మంత్రంలో ఎన్ని అక్షరాలుంటే అన్ని లక్షలు. మాలకు 108 తిరిగినా 100గానే రాసుకుంటారు, ఆ ఎనిమిది పొరపాట్ల కింద పోతాయి. 13 అక్షరాలకు 13 లక్షలు. రోజుకు మూడు మాలలు, అంటే 300 చొప్పున 4,333 రోజులు పైచిలుకు, దాదాపు పన్నెండేళ్ళు. పది మాలలైతే 1,300 రోజులు, మూడున్నరేళ్ళు. పురశ్చరణ చేయమని చెప్పడం లేదు. దానికి హోమ తర్పణాది అంగాలున్నాయి, గురువు ఉండాలి. ఈ పని ఎంత కాలానిదో తెలియాలని లెక్క రాశాను. ఆరు నెలలకే శాశ్వతానందం ఏదని అడగడం విత్తిన మర్నాడే మొలక పీకి చూడడం లాంటిది.

నా సలహా: రోజుకు ఒక్క మాల కనీసం. జ్వరమొచ్చినా, రైల్లో ఉన్నా, ఇంట్లో పెళ్ళైనా అది తప్పకూడదు. మామూలు రోజుకు మూడు. పెంచాలంటే మండలానికి ఒక్కటి చొప్పున, అదీ ముందరి మండలం తెగకుండా సాగితేనే. వైకుంఠ ఏకాదశి నాడు ఉత్సాహంగా పదహారు మాలలు అనుకుని, మరుసటి వారం నుంచి సున్నాకు వచ్చేవాళ్ళే ఎక్కువ. 'దీర్ఘకాల నైరంతర్య సత్కార', అంటే చాలాకాలం, తెగకుండా, శ్రద్ధగా అని యోగసూత్రాల్లో పతంజలి మూడు షరతులు పెట్టాడు. ఎక్కువగా చేయమని ఆ మూడింట్లో ఎక్కడా లేదు, చూశారా?

మేరుపూస:

కనీసం ఒక మాల అన్నదానికి ఒప్పుకుంటున్నాను, అది నేనే రాయాల్సింది. లెక్క పూర్తవగానే ఏదో జరుగుతుందన్న ఎదురుచూపు దగ్గర మాత్రం జాగ్రత్త. అదీ చీటీయే, కాస్త పెద్ద చీటీ.

గరికపోచ:

అందరికీ ధన్యవాదాలండీ. తలుపు కొట్టినప్పటి కోపం సంగతి సరిగ్గా తగిలింది. ఇంకో రెండు సందేహాలు. మిగతా ఇరవై మూడు గంటల సంగతేమిటి? ఆఫీసులో పని చేస్తూ నామస్మరణ అంటే అటు పనీ చెడుతోంది, ఇటు నామమూ నిలవడం లేదు. రెండోది, అశౌచం (పురుడు, మైల) వల్లో ప్రయాణం వల్లో పూజ తప్పిన రోజు తప్పు చేసినట్టు అనిపించి ఆ రోజంతా పాడవుతోంది.

సంధ్యాదీపం:

మొదటిదానికి. పని చేస్తూ అదే సమయంలో నామం అనడం అందరికీ కుదరదు, ముఖ్యంగా బుద్ధి పెట్టాల్సిన పనిలో. లెక్కలు చూస్తున్నప్పుడు లెక్కలే చూడండి. స్మరణ పెట్టుకోవాల్సింది పనికీ పనికీ మధ్య అతుకుల దగ్గర. మన పెద్దలు ఈ అతుకులన్నిటికీ ముందే శ్లోకాలు కుట్టి పెట్టారు. లేవగానే అరచేతులు చూసుకుంటూ 'కరాగ్రే వసతే లక్ష్మీః', నేల మీద కాలు పెట్టేముందు 'సముద్రవసనే దేవి', స్నానానికి 'గంగే చ యమునే చైవ', అన్నం ముందు 'బ్రహ్మార్పణం'. ఇవన్నీ ఒకేసారి ఎత్తుకోకండి. మూడు చాలు: నిద్రలేవడం, మొదటి ముద్ద, పడుకోవడం. వాటికి మీ కాలపు అతుకు ఒకటి కలపండి. ఫోన్ మోగితే మూడో రింగుకి ఎత్తండి. మొదటి రెండు రింగులూ నామానివి. అవతల ఎవరున్నా గొంతులో తేడా వినబడుతుంది.

పతంజలి ఇంకొకటి చెప్పాడు, రోజుకి పదిసార్లు పనికొచ్చేది. సుఖంగా ఉన్నవాళ్ళ పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ళ పట్ల కరుణ, మంచి పని చేసేవాళ్ళ పట్ల ముదిత, అంటే సంతోషం, చెడ్డ పని చేసేవాళ్ళ పట్ల ఉపేక్ష. మనం చివరిదానితోనే కుస్తీ పడుతున్నామనుకుంటాం. నిజానికి రోజూ గుండె మండేది మొదటిదాని దగ్గర, పక్కవాడి కొత్త ఇంటి ఫోటో చూసినప్పుడు. ఆ ఫోటో కనబడగానే, ఆ ఇంటి దేవుడి గూట్లోనూ మీ రాముడే ఉన్నాడని ఒకసారి అనుకోండి. మొదట్లో అది అబద్ధంలా అనిపిస్తుంది, అనిపించనివ్వండి.

ఇక ప్రసాదబుద్ధి. గుడిలో పూజారి చేతిలో పెట్టింది ఎంతున్నా కళ్ళకద్దుకుంటాం కదా, పక్కవారికి పెద్ద ముక్క వచ్చిందని తగువు పడం. ఫలితాన్ని అలా తీసుకోవడం. ఇది ఎక్కడ తప్పుదారి పడుతుందంటే, చేయాల్సింది చేయకముందే వాడినప్పుడు. పరీక్షకు చదవకుండా, అప్పు తీర్చకుండా, క్షమాపణ అడగకుండా 'అంతా ఆయన ఇష్టం' అంటే అది బద్ధకానికి కట్టిన పట్టుబట్ట. 'మామనుస్మర యుధ్య చ' అని గీత ఎనిమిదో అధ్యాయంలో, నన్ను తలచుకో, యుద్ధమూ చెయ్యి అన్నాడు. రెండూ చేయాల్సిందే.

సాధన పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి రాత్రి ఒక్క పంక్తి రాసుకోండి. ఈరోజు చిరాకు వచ్చిందా అని కాదు, వస్తుంది. పది గంటలకు పట్టుకున్న మాట ఎన్నింటికి వదిలింది? ఆ గంటలు మాత్రం రాయండి. మొదటి రెండు మూడు వారాలు అంకె పెరిగినట్టు కనబడొచ్చు. ఇప్పటిదాకా చూడనిది చూస్తున్నారు గనక అలా జరుగుతుంది, కంగారుపడి మానేయకండి. సాత్త్విక సుఖం మొదట విషంలా ఉండి చివరికి అమృతమవుతుందని గీత 18వ అధ్యాయం 37వ శ్లోకం. ఆ మొదటి సగం ఇదే.

రెండో సందేహానికి. జాతాశౌచం, మృతాశౌచంలో విగ్రహపూజ ఆపుతారు, రోజుల లెక్క మీ ఇంటి ఆచారాన్ని బట్టి. నామస్మరణకు ఆ అడ్డు లేదు. మనసులో చేసుకోవచ్చు, మాల ముట్టకుండా. ప్రయాణంలోనూ, మంచం మీదా మానసపూజ ఉంది. సహస్రనామం ముందు 'లమిత్యాది పంచపూజ' అని చదువుతారు చూడండి, ఆ అయిదు బీజాలూ అయిదు భూతాలకు గుర్తులు. గంధం పృథివి, పుష్పం ఆకాశం, ధూపం వాయువు, దీపం అగ్ని, నైవేద్యం అమృతం, అంటే జలం. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ సమర్పిస్తూ నాలుగు నిమిషాలు కూర్చుంటే పంచోపచారం అయినట్టే. తొందరపడకండి, పువ్వు పెట్టేటప్పుడు ఏ పువ్వో, ఏ రంగో కనబడాలి. కనబడకపోతే ధూపానికి వెళ్ళకండి.

అపరాధభావం సంగతి. పూజ చివర రోజూ చదివే 'మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం' శ్లోకం దానికోసమే ఉంది. తప్పులు జరుగుతాయని ముందే ఊహించి అక్కడ పెట్టారు. చదివాక కూడా మోస్తూ తిరిగితే ఆ శ్లోకాన్ని నమ్మనట్టు. మరునాడు రెట్టింపు చేసి బాకీ తీర్చాలని చూడొద్దు. అలా మొదలుపెడితే బాకీ పెరుగుతుంది, చివరికి ఖాతాయే మూసేస్తారు. మరునాడు మామూలు మూడు మాలలే.

నిశ్శబ్దం:

ఈ చర్చలో ఎవరూ అనని మాట ఒకటి. చిరాకు వేరు, జబ్బు వేరు. రెండు వారాలకు మించి రోజంతా దిగులు, నిద్ర ఆకలి చెడిపోవడం, ఇదివరకు ఇష్టమైనవేవీ రుచించకపోవడం, బతకడం దేనికన్న ఆలోచన ఉంటే అది లయమూ కాదు, కషాయమూ కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాల దాకా ఆగొద్దు, ఆ రోజే ఇంట్లోవాళ్ళకు చెప్పి వెళ్ళాలి. 'ఇంకో మాల పెంచు' అని చెప్పకండి ఎవరూ. మందు వేసుకుంటూ జపం చేసుకోవచ్చు, జపం చేస్తున్నాం కదా అని మందు మానేయడం కూడదు. గరికపోచ గారిది అలా అనిపించడం లేదు, చదివే మిగతావాళ్ళ కోసం రాశాను.

లెక్కలపుస్తకం:

నిశ్శబ్దం గారి మాట పైన అతికించాల్సిందిగా నిర్వాహకులకు మనవి.

గరికపోచ:

రేపటి నుంచి పెట్టుకుంటున్నవి: సంకల్పం 'ప్రీత్యర్థం' దగ్గర ఆపడం, చివర మూడు నిమిషాలు, మాలకు అయిదు నిమిషాలు తగ్గకుండా, రాత్రి ఒక పంక్తి. ఏకాదశి దాకా ఆగకుండా రేపే. తులసికోట గారూ, ఆఖరిది. నా తులసిమాల దారం మేరువు దగ్గర పీచు లేచింది. తెగితే అపశకునం అంటారు, తెగకముందే మార్చేయొచ్చా? పూసలు నీళ్ళలో కడగాలా?

తులసికోట:

అపశకునం ఏమీ కాదు, నూలు అరిగింది, అంతే. తెగి పూసలు మంచం కిందికి దొర్లకముందే మార్చండి. తులసి కొయ్య కాబట్టి నీళ్ళలో నానబెట్టొద్దు, ఉబ్బి పగుళ్ళిస్తుంది. తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరనివ్వండి. ముదురు నూలు దారం తీసుకుని పూసకూ పూసకూ మధ్య ముడి వేయండి. ముడి లేకపోతే పూసలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని దారం మళ్ళీ అరుగుతుంది, పైగా వేలికి ఒకేసారి రెండు పూసలు వచ్చేస్తాయి. ముడి మరీ బిగించొద్దు. పూస తన చోట కొద్దిగా కదలాలి, లేకపోతే మాల కర్రలా నిలబడి మేరువు దగ్గర తిరగదు. గుచ్చేముందు పళ్ళెంలో పోసుకుని లెక్కపెట్టండి. కొన్న మాలల్లో 107 ఉన్నవీ, 109 ఉన్నవీ వస్తుంటాయి. మేరువు ఈ లెక్కలో చేరదు, దాన్ని విడిగా పక్కన పెట్టుకోండి. కొత్త దారంతో మొదటి మాల వాచికంగానే చేయండి, వేళ్ళకు ఆ కొత్త ముడులు అలవాటయ్యేదాకా.